గింజల మీద నడిచే అమ్మ

మొన్న ఆదివారం పొద్దున్నే కాకినాడ నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. మనవరాలికి బళ్ళో సెలవుల పని ఇచ్చారట. మాతృదినోత్సవానికి అమ్మ మీద కవిత రాసి, చుట్టూ పువ్వులు వేసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాలట. "నువ్వెలాగూ తెలుగు టీచరువే కదమ్మా, ఓ ఎనిమిది లైన్లు రాసి పంపెయ్, దాని చేత కాపీ చేయిస్తాను" అంది. అంటే తన మీద పొగడ్త తనే పురమాయించుకుని, రాసే పని కన్నతల్లికి అప్పజెప్పి, కింద పేరు మాత్రం కూతురి చేత పెట్టిస్తుందన్నమాట. "నిన్ను పొగుడుతూ నేను రాస్తే అన్నీ అబద్ధాలే వస్తాయేమోనే" అన్నాను. "అమ్మా, టైం లేదు, మధ్యాహ్నంలోపు పెట్టాలి" అని ఫోను పెట్టేసింది. రెండు నిమిషాల్లో మనవరాలు వాళ్ళ నాన్న ఫోను నుంచి చేసి, "అమ్మమ్మా, నువ్వు రాయకపోయినా ఏం పర్లేదు, ఫోన్ని అడిగితే అదే రాసేస్తుంది" అని నాకు ధైర్యం చెప్పింది.

కాసేపటికి ఆ ఫోను రాసిన కవిత నాకూ వచ్చింది. అమ్మ దేవత, అమ్మ కొవ్వొత్తి, అమ్మ ప్రేమ అమృతం, అమ్మ త్యాగం అనంతం. ప్రాస కూడా కుదిరింది. తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే మండపేట పక్కన ఓ పల్లెటూరి హైస్కూల్లో, ఆ ఫోను చేసే పని చాలా ఏళ్ళు నేనే చేశాను. మే నెలలో బడి ఉండదు కాబట్టి మేము ఆ పండగని ఏప్రిల్లో, సెలవులకి ముందొచ్చే శనివారం జరుపుకునేవాళ్ళం. నేను బోర్డు మీద ఎనిమిది పంక్తులు రాసేదాన్ని. పిల్లలు వాటిని అట్టల మీదికి దించుకుని, అంచులకి గులాబీలు వేసి, కింద పేరు రాసుకునేవారు. తల్లులు వచ్చి బెంచీల మీద కూర్చుంటే ఒక్కొక్కరూ లేచి చదివేవారు. తల్లులు కళ్ళు తుడుచుకునేవారు, హెడ్మాస్టారు నన్ను మెచ్చుకునేవారు, అందరికీ కాగితం పొట్లాల్లో బూందీ, కారప్పూస పంచేవాళ్ళం. నాకూ గర్వంగానే ఉండేది. ఓ ఏడాది సభకి పక్కూళ్ళో పనిచేసి రిటైరైన పెద్ద టీచరుగారొకరిని పిలిచాం. ఆవిడ ముప్ఫై కవితలూ ఓపిగ్గా విని, చివర్లో మైకు దగ్గరికొచ్చి, "చాలా బాగా చదివారండి. నాకు ఒక్కటే అనుమానం. ఈ పిల్లలందరికీ తల్లి ఒక్కరేనాండీ?" అన్నారు. సభంతా ఘొల్లుమంది. పైకి నేనూ నవ్వాను గానీ ఆ రోజు నా బూందీ పొట్లం విప్పకుండానే ఇంటికి పట్టుకెళ్ళాను.

మరుసటి ఏడాది పట్టుదలకి పోయాను. ఎనిమిదో తరగతిలోకి ఖాళీ బిస్కెట్ల డబ్బా ఒకటి పట్టుకెళ్ళి, ప్రేమ, త్యాగం, దేవత, అమృతం, కొవ్వొత్తి అని చీటీలు రాసి, పిల్లల చేతే అందులో వేయించి మూత బిగించేశాను. శనివారం దాకా ఈ మాటలకి సెలవు, ఎవరి కవితలోనైనా కనిపిస్తే ఆ కవిత కూడా డబ్బాలోకే పోతుందని బెదిరించాను. మరి ఇంకేం రాస్తామండీ అని గోలెత్తారు. "మీ అమ్మని నాలుగు రోజులు చూడండి. మరెవరికీ చేతకానిది, ఆవిడకి మాత్రమే వచ్చిన పని ఏదో ఒకటి ఉంటుంది. అది కనిపెట్టి రాయండి" అని చెప్పి, ఏదో కొత్త విద్య కనిపెట్టినట్టు స్టాఫ్ రూములో కూడా గొప్పలు పోయాను.

దాని ఫలితం ఊరి మీద ఎలా పడుతుందో ఆలోచించలేదు. రెండో రోజుకే ఓ తల్లి గేటు దగ్గర నన్ను పట్టుకుంది. "టీచరుగారండీ, ఏం పని పెట్టారండి మావోడికి? పోలీసోడిలాగ పుస్తకం పట్టుకుని ఎనకాలే తిరుగుతున్నాడండి. కూరలో ఉప్పెంత ఏశానో కూడా రాసుకుంటున్నాడండి" అంది. ఇంకో పిల్లాడి నాయనమ్మ కర్ర పోటేసుకుంటూ వరండా దాకా వచ్చేసింది. "మా కోడలు కోడిని తిట్టినట్టు నన్ను తిడతాదని రాశాడంటండీ, నిజవేనా?" అని నిలదీసింది. కాదండీ, కోడినే మిమ్మల్ని తిట్టినట్టు తిడుతుందని రాశాడండీ అని చెప్పబోయి, సమయానికి నాలిక్కరుచుకున్నాను. కానీ వచ్చిన కాగితాలు చదువుతుంటే నాకు కుర్చీలో నిలకడగా కూర్చోబుద్ధి కాలేదు. ఒకమ్మాయి రాసింది: వాళ్ళమ్మ గేదె కళ్ళల్లోకి చూసి పొద్దున్నే దానికి జ్వరమందట, ఆ సంగతే పశువుల డాక్టరుగారు సాయంత్రానికి చెప్పారట. ఒకబ్బాయి రాసింది: వాళ్ళమ్మ వీధిలో వెళ్ళే మోటారుసైకిళ్ళన్నిట్లో వాళ్ళ నాన్న బండి చప్పుడు వంతెన అవతలుండగానే గుర్తుపట్టి పొయ్యి వెలిగిస్తుందట. ఇన్నేళ్ళూ ఈ మనుషులు నా ఎదురుగా బెంచీల మీద కూర్చుని బూందీ తిని వెళ్ళిపోయారా అనిపించింది.

గురువారం సాయంత్రానికి అందరి కాగితాలూ అందాయి. ఒకటి మాత్రం తెల్లకాగితం. దాని మీద పేరు తప్ప ఏమీ లేదు. ఆ పిల్ల రెండో వరసలో కూర్చునేది, రెండు జడలు బిగించి వేసుకుని, అడిగితే తప్ప నోరు విప్పేది కాదు. లెక్కల్లో మాత్రం మొదటిది. తండ్రి లారీ మీద వెళ్ళేవాడు, తల్లి ఊరి చివర ఉప్పుడు మిల్లులో కూలి. ఉప్పుడు మిల్లంటే, ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టించి, ఆరబెట్టి ఆ తరవాత బియ్యం చేసే మిల్లు. పిల్లని స్టాఫ్ రూముకి పిలిచి ఏమ్మా, ఏం రాయలేదేం అని అడిగాను. "మా అమ్మకి ఏ పనీ రాదండి. నడుస్తాదండి" అంది. నడవడమేంటే అన్నాను. "మిల్లులో ధాన్యం ఆరబెడతారు కదండీ. దాని మీద అటూ ఇటూ నడుస్తాదండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదేనండి." సరే, అదే రాయి అని తేలిగ్గా అనేశాను. ఆ పిల్ల కదల్లేదు. తల వంచుకుని, "మీ అమ్మ అన్నం తొక్కుద్ది అంటారండి క్లాసులో. ధాన్యం తొక్కడం పాపమాండీ టీచర్?" అని అడిగింది.

మా ఇంట్లో పొరపాటున పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం, అన్నం మెతుకు కింద పడితే వంగి తీసేదాకా మా అమ్మ ఊరుకునేది కాదు. ఆ పెంపకంలోంచి వచ్చిన నేను ఆ ప్రశ్నకి కాదని చెబితే ఆ పిల్ల నమ్మదు, నాకే నమ్మకం కుదరలేదు మరి. పైగా క్లాసులో వాళ్ళు ఆ మాట అనడం నేనూ ఒకటి రెండుసార్లు విన్నాను, పిల్లల వేళాకోళమని వదిలేశాను. అది గుర్తొచ్చి సిగ్గేసింది. ఇంతలో ఆ పిల్లే, "శనివారం మా అమ్మ వస్తానందండి. ఎప్పుడూ రాలేదు కదండీ, ఈసారి మేస్త్రీని అడిగి పూట సెలవు పెట్టుకుందండి. అందరి అమ్మల మీదా ఉండి మా అమ్మ మీద లేకపోతే..." అని ఆపేసి, జడ కొస పళ్ళతో కొరుక్కుంది. మర్నాడు బడి వదలగానే మనిద్దరం మిల్లుకి వెళ్దాం అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. చూడమని అందరికీ చెప్పిన మనిషిని, నేను మాత్రం ఎక్కడికీ వెళ్ళి చూడలేదు కదా అనిపించిందేమో.

బాయిలరు ఉంటుంది కాబట్టి మిల్లులోకి పిల్లల్ని రానివ్వరు. అందుకే ఆ పిల్ల అన్నేళ్ళూ తల్లి పని దూరం నుంచి, గేటు ఊచల్లోంచి మాత్రమే చూసింది. అదృష్టం కొద్దీ అక్కడి మేస్త్రీ ఒకప్పటి నా విద్యార్థే. ఛందస్సు పేరు చెబితే కడుపునొప్పి తెచ్చుకునేవాడు. నన్ను చూడగానే చేతిలో బీడీ వెనక్కి దాచుకుని, "రండి టీచరుగారండీ, ఆయ్, లోపలికి రండి" అని తనే గేటు తీశాడు. వేసవి పంట దాళ్వా కోతల రోజులు. సిమెంటు కళ్లం నిండా ఉడికిన ధాన్యం పరిచి ఉంది. ఆ వాసన మండపేట చుట్టుపక్కల వాళ్ళకి కొత్తేం కాదు, కానీ గేటు లోపల అది ఒంటికి పట్టుకుంటుంది. పదిమంది ఆడవాళ్ళు తలకి తుండుగుడ్డలు చుట్టుకుని, వరసలుగా, పాదాలు ఎత్తకుండా గింజల్ని తోసుకుంటూ నడుస్తున్నారు. వాళ్ళ వెనక చాళ్ళు పడుతున్నాయి, తిరిగి వచ్చేటప్పుడు ఆ చాళ్ళు కలిసిపోయి కొత్త చాళ్ళు లేస్తున్నాయి. పెద్ద మిల్లుల్లో అప్పటికే ఆరబెట్టే యంత్రాలు వచ్చేశాయి. ఆ చిన్న మిల్లు ఒక్కటే ఇంకా ఎండనీ కాళ్ళనీ నమ్ముకుని నడుస్తోంది.

మేము దగ్గరికి వెళ్ళేసరికి వాళ్ళు టీలకి ఆగారు. ఆ పిల్ల తల్లి మమ్మల్ని చూసి కంగారు పడి, పిల్ల ఏం తప్పు చేసిందోనని లేచి నిలబడింది. ఏమీ లేదమ్మా, మీ పని చూద్దామని వచ్చాం అంటే అసలు నమ్మలేదు. "ఇందులో చూసేదేముందండి, ఎండ తప్ప" అని నవ్వేసి, గ్లాసు కడిగి బోర్లించి, మళ్ళీ కళ్లంలోకి బయల్దేరింది. అంచు దగ్గర ఆగింది. వంగి, నాలుగు గింజలు తీసుకుని, రెండు కళ్ళకీ అద్దుకుని, వాటిని తిరిగి అక్కడే వేసి అప్పుడు కాలు పెట్టింది. ఎంత మామూలుగా చేసిందంటే, చూడమని వచ్చాను కాబట్టి చూశాను గానీ లేకపోతే చెప్పుల్లో రాయి తీసుకుంటోందనుకునేదాన్ని. ఎందుకమ్మా అలా అని అడిగాను. "కాలెడతన్నాం కదండీ. మనల్ని బతికించే తల్లండి అది. చెప్పి కాలెడితే ఏవనుకోదండి" అంది. నా పక్కనే పిల్ల వింటోంది. ముందు రోజు నన్నడిగిన ప్రశ్నకి సమాధానం వచ్చేసిందని ఇద్దరికీ తెలిసింది.

నేను కూడా చెప్పులు విప్పి, నాలుగు గింజలు కళ్ళకద్దుకుని, కళ్లంలోకి దిగాను. పాదాలు చుర్రుమన్నాయి. పది అడుగులు వెయ్యగానే కాళ్ళు ఎత్తి ఎత్తి వెయ్యడం మొదలెట్టాను, ఆడవాళ్ళందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఏం తెలుస్తుందమ్మా ఇందులో అని అడిగితే ఆవిడ నెమ్మదిగా చెప్పింది. "వేళ్ళ సందున గింజ ఆగిపోతే ఇంకా తడుందన్నట్టండి. జారిపోతే ఆరినట్టండి. పైన గరగరలాడినా అడుగున చల్లగా తగులుద్దండి. పైదీ అడుగుదీ ఒక్కలాగ తగిలితే ఎత్తేయొచ్చండి. ఇంకో రెండు తిరుగుళ్ళు ఎక్కువ ఎండిందా, మిల్లులో ఏసేసరికి అంతా నూకేనండి." నేను మళ్ళీ నాలుగడుగులు వేశాను. నాకు అన్నీ ఒక్కలాగే, వేడిగా తగిలాయి. ఆవిడ అరికాళ్ళు చూశాను. పగుళ్ళు కూడా అరిగి నున్నగా అయిపోయాయి. అలాంటి కాళ్ళకి అంత సన్నటి తేడా తెలియడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అప్పుడే పడమట మబ్బు లేచింది. ఏప్రిల్లో మా వైపు సాయంత్రాలు అంతే, ఎండ మాడ్చి మాడ్చి ఒక్కసారిగా గాలివాన దిగుతుంది. తేమ చెప్పే మీటరు పట్టుకుని మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. ఓ గుప్పెడు ధాన్యం తీసి మీటర్లో పోసి, "అయిపోయిందక్కా, అంతా కలిపి కుప్పెత్తేయండి" అని కేకేశాడు. ఆడవాళ్ళందరూ ధాన్యం తోసే పలకలు అందుకున్నారు. ఆవిడ మాత్రం కదల్లేదు. ఉత్తరం మూల గోడ నీడ పడే చోటికి వెళ్ళి, అక్కడ నాలుగడుగులు నడిచి, "ఈ మూల అవలేదు. దీన్ని అందులో కలపకండి!" అని అరిచింది. మేస్త్రీ విసుక్కుంటూనే వెళ్ళి ఆ మూల గింజలు మీటర్లో పోశాడు. అతని మొహం చూడాలి. "తడి ఉందక్కా" అన్నాడు. ఆ మూల ధాన్యం కలిసుంటే లోపల కుప్పంతా వేడెక్కి వాసన పట్టిపోయేదట. ఇక ఆవిడ ఆగలేదు. ఇది ఇటు, అది అటు, ముందు మంచిది ఎత్తండి, పట్టా కప్పి అంచున ఇటికలు పెట్టండి అని చెబుతుంటే పదిమందీ ఆవిడ మాట మీద కదిలారు. మేస్త్రీ కూడా కదిలాడు. నేనూ పిల్లా ఓ పట్టా కొస పట్టుకుని లాగాం. కుప్ప మీద చివరి ఇటిక పెట్టిన మరుక్షణం చినుకులు పడ్డాయి, రాళ్ళు విసిరినట్టు.

బస్తాల గొడౌను అరుగు మీద అందరం తడుస్తూ నిలబడ్డాం. పిల్ల తల్లినే చూస్తోంది. నాతో మెల్లిగా, "మా అమ్మ ఇంట్లో ఎప్పుడూ గట్టిగా మాట్లాడదండి. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదండి" అంది. అప్పటికి నాకు నలభై దాటి చాలా రోజులైంది, పెద్ద పెద్ద పండితుల ఉపన్యాసాలు విన్నాను, సన్మానాలు చూశాను. కానీ ఒక మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడాలనిపించడం అదే మొదటిసారి. ఆవిడ కొంగు పిండుకుంటూ, "ఇంటికెళ్ళడం లేటయిపోద్దేమోనండి మీకు" అని నా గురించే బెంగపడుతోంది.

శనివారం సభకి ఆవిడ ముదురాకుపచ్చ చీర కట్టుకుని, తలలో మల్లెపూలు పెట్టుకుని, అందరికన్నా వెనక బెంచీ చివర కూర్చుంది. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చింది, మిగతా తల్లులెవరూ విడవలేదు. కూతురి వంతు వచ్చింది. గులాబీలూ లేవు, రంగుల అట్టా లేదు, నోటుబుక్కు కాగితం. పిల్ల తలెత్తి చదివింది.

మా అమ్మ రోజంతా నడుస్తుంది
ఏ ఊరూ వెళ్ళదు
కాలు పెట్టే ముందు గింజల్ని కళ్ళకద్దుకుంటుంది
పూటకి పదిసార్లు కళ్లమంతా తిరుగుతుంది
వేళ్ళ సందున ఆగిన గింజ తడి
జారిపోయిన గింజ పొడి
మబ్బు పడితే అందరూ పైకి చూస్తారు
మా అమ్మ కింద చూసుకుంటుంది
మీ కంచంలో అన్నం విడివిడిగా ఉంటే
మా అమ్మ దాని మీద నడిచిందన్నమాట
తినే ముందు మీరూ ఒకసారి కళ్ళకద్దుకోండి

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అన్నం తొక్కుద్దని వెక్కిరించిన పిల్లలు కూడా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఇంతలో వెనక బెంచీ నుంచి ఆవిడ లేచి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాం. "పూటకి పది కాదమ్మా, పద్నాలుగు" అంది, చాలా సీరియస్‌గా. అప్పుడు సభ మొత్తం ఒక్కసారిగా నవ్వి, అప్పుడు చప్పట్లు కొట్టింది. పిల్ల అక్కడే, మైకు ముందే, జేబులోంచి పెన్సిలు తీసి పది కొట్టేసి పద్నాలుగు అని దిద్దుకుంది. నేను దిద్దిన వేల కాగితాల్లో అంత సరైన దిద్దుబాటు నేనొక్కటీ చెయ్యలేదు.

అందరూ వెళ్ళిపోయాక ఆవిడ ఇంకా గేటు దగ్గరే ఉంది. పిల్ల సంచీ భుజాన వేసుకుని, ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని కూడబలుక్కుని చదువుకుంటోంది. నన్ను చూసి కాగితం మడిచింది. "ఇది మా మేస్త్రీకి చూపించొచ్చాండీ?" అని అడిగింది. తప్పకుండా చూపించమ్మా, మీదే కదా అన్నాను. ఆవిడ వెళ్ళబోయి ఆగింది. "మా అత్తగారి ఎనకాల ఆ కళ్లంలోకి దిగి ఇరవయ్యేళ్ళయిందండి. ఇన్నేళ్ళూ ఉత్తినే నడుత్తన్నాననుకున్నానండి" అంది. కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది. కూతురు వచ్చి చెయ్యి పట్టుకుంటే, ఇద్దరూ కాలవ గట్టు మీదుగా ఇంటికి నడిచారు. ఒక మనిషికి తన ఇరవయ్యేళ్ళూ ఒక్క సాయంత్రంలో తిరిగి చేతికి రావడం ఆ రోజు కళ్ళారా చూశాను, ఆ తరవాత గడిచిన ఇన్ని సంవత్సరాల్లో అంతకన్నా పెద్ద వింత నాకేదీ కనపడలేదు.